తొక్కు నూనె అనుకున్నాను

గన్ను లేని గన్నర్

సిద్దిపేటలో నన్ను విమానం నర్సింలు అంటారు. పాత బస్టాండు దగ్గర ఎవరినడిగినా మా ఇల్లు చూపిస్తారు, చూపిస్తూ రెండు అబద్ధాలు కూడా చెబుతారు. నేను విమానం నడిపానని ఒకరు, బాంబులు వేశానని ఇంకొకరు. మా వీధి కటింగ్ షాపు అంజయ్య అయితే ఒకరోజు గడ్డం గీస్తూ, నేను గాలిలో తలకిందులుగా పల్టీలు కొట్టేవాణ్ణని పక్కన కూర్చున్నవాళ్లకు వర్ణించి చెప్పాడు. ఆ గడ్డం నాదే. కత్తి గొంతు మీద ఉంది కాబట్టి నేను కాదనలేదు.

ఇప్పుడు కత్తి లేదు, నిజం చెబుతాను. ఎయిర్‌ఫోర్స్‌లో ఇరవై ఏళ్లు దాటి పనిచేశాను. అందులో ఎక్కువ కాలం నాలుగు ఇంజన్ల పాత రష్యా సరుకు విమానంలో, తోక దగ్గర కూర్చున్నాను. నా ఉద్యోగం పేరు ఫ్లైట్ గన్నర్. ఆ తోకలో ఒకప్పుడు తుపాకులు ఉండేవట. నేను ఆ కుర్చీలో కుదురుకునే నాటికి మా విమానానివి తీసేశారు. తుపాకులు పోయాయి, పేరు మిగిలింది. పెళ్లిచూపుల్లో మా మామగారు "పిల్లగాడు గన్ను పేలుస్తడా?" అని అడిగితే మా బాపు ఏమాత్రం తడుముకోకుండా "దినాం పేలుస్తడు" అన్నాడు. ఆ సంగతి నా భార్య బాలమణి ఇప్పటికీ మరిచిపోలేదు.

అసలు పని ఏమిటంటే సరుకు ఎక్కించడం, తాళ్లతో గొలుసులతో కట్టడం, దారిలో కదలకుండా చూడటం, చేరిన చోట దించడం, దిగే జాగా లేని చోట వెనక తలుపు తెరిచి పైనుంచి తోసేయడం. వీటన్నిటికంటే ముఖ్యం, వెనక ఏం జరుగుతోందో ముందున్నవాళ్లకు మైకులో చెప్పడం. పైలట్‌కు వెనక ఏమీ కనిపించదు. నేను ఏం చెబితే అతనికి అదే నిజం. ఈ చివరి వాక్యం మీద వేలు పెట్టి ఉంచండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాను.

బాంబుల మాట కూడా చెప్పేస్తాను. నేను చేరిన కొత్తలో వచ్చిన యుద్ధంలో మా సరుకు విమానాలనే బాంబర్లుగా వాడారు. బియ్యం బస్తాలు దించే తలుపులోంచే బాంబులు దొర్లించాం. నేను చేసిందల్లా కట్లు విప్పడం. అవి ఎక్కడ పడ్డాయో చూడలేదు, చూడాలనీ అనిపించలేదు. దాని గురించి గొప్పలు చెప్పుకునేది నాకేమీ లేదు.

ఈ ఏడు మన ఊరి నుంచి ముగ్గురు పిల్లలు ఎయిర్‌ఫోర్స్‌కు ఎంపికై నా దగ్గరికి వచ్చారు. ఏ పుస్తకాలు చదవాలి, ఎంత పరుగెత్తాలి అని అడిగారు. అవి మీకు అక్కడ చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను రాసేది నా తప్పు గురించి. రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. కోహెడ దగ్గరి పల్లెలో మల్లేశం అనే మాజీ సైనికుడున్నాడు. నేను తన ప్రాణం కాపాడానని, నేను రిటైరై ఊరికి వచ్చిన ఈ ఎనిమిదేళ్లుగా కనిపించిన ప్రతివాడికీ చెబుతున్నాడు. వచ్చే నెల వాళ్ల ఊరి బడిలో నాకు శాలువా కప్పిస్తాడట. కాపాడింది నేను కాదు. ఆ సంగతి నాకు తెలుసు, అతనికి చెప్పలేదు. ఎనిమిది వేసవులు ఎదురెదురుగా కూర్చుని అన్నం తిన్నాం, అయినా చెప్పలేదు. శాలువా భుజం మీద పడక ముందే చెప్పాలి. చెబితే మళ్లీ మా గడప తొక్కుతాడో లేదో తెలియదు.

కురియన్ సారు వేలు

మా విమానంలో ఇంజన్లూ, పైపులూ, గేజీలూ చూసుకునే ఫ్లైట్ ఇంజనీరు పేరు కురియన్. కేరళ మనిషి. పొట్టిగా, ఎప్పుడూ జలుబు చేసినట్టుండేవాడు. తెలుగు రాదు, హిందీలో మాట్లాడేవాడు, ఆ మాటల్ని నేను మన భాషలో రాస్తున్నాను. విమానం గురించి నాకు తెలిసిన దాంట్లో ముప్పావు వంతు ఆయన తిట్లలోంచి ఏరుకున్నదే.

మొదటి రోజు నన్ను విమానం పొట్ట కిందికి తీసుకెళ్లి, ఒక పైపు కీలు దగ్గర వేలితో తుడిచి నా ముక్కు కింద పెట్టాడు. వేలు ఎర్రగా ఉంది.

"ఇదేమిటి?"

"నూనె సార్."

"ఏ నూనె?"

నేను పైపు వైపు చూశాను.

"చక్రాలు దించేది ఇదే, రెక్కల వెనక రేకులు వంచేది ఇదే, బ్రేకు పట్టించేది ఇదే. విమానంలో ఇంకే నూనె ఈ రంగులో ఉండదు. నేల మీద ఎర్రగా కనపడితే మూడు పనులు చెయ్యి. ముట్టు. వాసన చూడు. అప్పుడు నోరు తెరువు. ఈ వరస మారితే నిన్ను నేనే కిందికి తోసేస్తాను."

ఈ మూడు మాటలూ ఆయన నాతో ఎన్నిసార్లు చెప్పించాడో లెక్కలేదు. ఛాయ్ తాగుతుంటే అడిగేవాడు, స్నానానికి పోతుంటే తువ్వాలు పట్టుకుని ఆపి అడిగేవాడు. విసుగొచ్చి ఒకసారి బాలమణికి ఉత్తరంలో కూడా రాశాను. ఆమె జవాబులో "గాయన చెప్పేది మంచిదే, నువ్వు ఏది ముట్టకుండనే ముట్టిన్నంటవు" అని రాసింది. ఇంట్లో పాలు పొంగుతున్నాయేమో చూడమంటే మంచం మీద నుంచే "చూసిన" అనేవాణ్ణి, అందుకని. ఆ మాట అప్పుడు నాకు పరాచికంగానే తోచింది.

డబ్బా కారిన కథ

సెలవు మీద వచ్చి తిరిగి పోయేటప్పుడు బాలమణి మామిడికాయ తొక్కు పెట్టి ఇచ్చేది. అల్లం, ఎల్లిపాయ దంచి, నువ్వుల నూనె పైకి తేలేలా పోసి, పెద్ద రేకు డబ్బాలో కూరి, మూతికి మా ఊరి మగ్గం మీద నేసిన పాత గొల్లభామ చీర ముక్క కట్టేది. సిద్దిపేటలో బస్సెక్కి సికింద్రాబాద్‌లో రైలెక్కే దాకా ఆ డబ్బా నా ఒళ్లోనే ఉండేది. రైల్లో పక్కనున్నవాళ్లు మాటిమాటికీ దాన్ని చూస్తూ ఎక్కడి దాకా ప్రయాణమని అడిగేవారు. వాళ్ల ఆరా నా గురించి కాదని నాకు తెలుసు.

మా విమానం కెప్టెన్ స్క్వాడ్రన్ లీడర్ సలీం సాబ్. హైదరాబాద్ మలక్‌పేటలో పుట్టి పెరిగినవాడు, తెలుగు మనలాగే మాట్లాడేవాడు. నేను సెలవు నుంచి రాగానే ఎదురొచ్చి, "ఏం మియా, అందరు మంచిగున్నరా? డబ్బా మంచిగున్నదా?" అని అడిగేవాడు. రెండో ప్రశ్నకే జవాబు కోసం ఆగేవాడు. ఆకాశంలో రొట్టెల మధ్య తొక్కు పెట్టుకుని తినడం మా బృందానికి అలవాటైంది. అందుకని డబ్బాను విమానంలోనే, వెనక తలుపు పక్కన ఎడమవైపు మూలలో, సరుకు కట్టే కొక్కేనికి తాడేసి కట్టి ఉంచేవాణ్ణి.

ఒకసారి మంచుకొండల మీద ఉన్న జవాన్లకు కిరోసిన్, పప్పులు జారవిడవడానికి పోతున్నాం. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడుతుంది, మూసిన డబ్బాలో ఉన్న గాలి ఉబ్బుతుంది. ఇది పుస్తకంలో చదివాను, తొక్కు డబ్బాకు కూడా వర్తిస్తుందని ఎవరూ చెప్పలేదు. మూత పక్క నుంచి నూనె తన్నుకొచ్చి నేల మీద ఎర్రగా పారింది. నేను చూశాను. ముట్టలేదు, వాసన చూడలేదు, సరాసరి మైకులో అరిచాను.

"సార్, ఎర్ర నూనె! చాన కారుతుంది!"

సలీం సాబ్ వెంటనే విమానాన్ని వెనక్కి తిప్పాడు. కింద అగ్నిమాపక బండి, అంబులెన్సు, పెద్ద ఆఫీసర్లు వరసగా నిలబడ్డారు. దిగాక కురియన్ సారు టార్చి పట్టుకుని బోర్లా పడుకుని వెతికాడు. పది నిమిషాల తర్వాత రెండు వేళ్ల మధ్య ఏదో పట్టుకుని లేచాడు. మామిడికాయ టెంక ముక్క.

అందరూ చూస్తుండగా నోట్లో వేసుకుని, నమిలి, "ఉప్పు కొంచెం ఎక్కువ" అన్నాడు.

ఆ తర్వాత ఆరు నెలలు నాకు బతుకు లేదు. మెస్సులో నన్ను చూడగానే ఎవడో ఒకడు పళ్లెం ఎత్తి "ప్రెషర్ పడిపోతుంది!" అని అరిచేవాడు. అందరికంటే ఎక్కువ ఏడిపించింది సలీం సాబే. ఎగిరే ముందు ప్రతిసారీ "నర్సింలు, ఇయ్యాల ఇంజన్ నూనె ఎంత, ఇంటి నూనె ఎంత?" అని అడిగేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. కాని లోపల ఒకటే గట్టిగా పట్టుకుంది. ఇంకోసారి నవ్వులపాలు కాకూడదు. మీ పనిలో మీకు భయం పుడితే అది దేని భయమో సరిగ్గా చూసుకోండి. నా భయం విమానం పడిపోతుందని కాదు, మెస్సులో నవ్వుతారని.

సముద్రం అవతల

ఎనభైల చివర్లో దక్షిణాన ద్వీపంలో మన సైన్యం ఉన్న రోజులు. మాకు రోజుకు రెండు మూడు ట్రిప్పులు. పోయేటప్పుడు తూటాలు, గోధుమపిండి, ఉత్తరాల సంచులు. వచ్చేటప్పుడు మనుషులు. సెలవు మీద వచ్చేవాళ్లు కూర్చుని వచ్చేవారు, గాయపడ్డవాళ్లు పడుకుని వచ్చేవారు, కొందరు పెట్టెల్లో వచ్చేవారు. పెట్టెలు ఉన్న రోజు మైకులో ఎవరూ పరాచికాలాడేవాళ్లు కాదు, సలీం సాబ్ కూడా. పెట్టెకు కట్టే తాడు కూడా సరుకు తాడే, వేరే తాడు ఉండదు. ఆ ముడి వేయడం నాకు ఎన్నడూ అలవాటు కాలేదు, అలవాటు కానందుకు ఇప్పుడు సంతోషంగానే ఉంది.

అక్కడి రన్‌వే పొట్టిది, చుట్టూ తాటిచెట్లు. చెట్ల వెనక నుంచి ఎవరైనా తుపాకీ పేల్చవచ్చు. అందుకని ఇంజన్లు ఆపేవాళ్లం కాదు. తలుపు తెరవడం, సరుకు తోయడం, మనుషుల్ని ఎక్కించడం, లేచిపోవడం, అంతా ఉరుకుల పరుగుల మీదే.

ఆ రోజు పొద్దున ఇరవై ఒక్క స్ట్రెచర్లు అని చెప్పారు. గోడల వెంట మూడేసి అంతస్తులుగా అన్నీ బిగించాను. తలుపు మూయబోతుంటే ఇంకో స్ట్రెచరు పట్టుకుని ఇద్దరు పరుగెత్తుకొచ్చారు. జాగా లేదు. ఉన్న ఒకే ఒక్క ఖాళీ మూలలో నా తొక్కు డబ్బా ఉంది. సెలవు నుంచి వచ్చి మూడు రోజులే అయింది, డబ్బా దాదాపు నిండుగా ఉంది. తాడు కోసి, డబ్బా ఎత్తి, స్ట్రెచరు మోసుకొచ్చినవాళ్ల చేతిలో పెట్టి "తినండి" అన్నాను. ఆ మూలలో, నేలకు జానెడు ఎత్తులో, ఆ మనిషిని కట్టాను. మోకాలి దగ్గర గుడ్డలు కట్టి ఉన్నాయి. కట్టు బిగించినప్పుడు "అవ్వా" అన్నాడు.

మనవాళ్లు తప్ప ఎవరూ అలా అనరు. "ఏ ఊరు తమ్మీ?" అన్నాను.

"కోహెడ దిక్కు. పేరు మల్లేశం."

"నాది సిద్దిపేట. భయపడకు, గంటంబావుల దవాఖానల ఉంటవు."

అతనికి ముప్ఫై ఏళ్లుంటాయి, పెద్ద మీసాలు. నొప్పిలో కూడా నన్ను ఎగాదిగా చూసి, "సిద్దిపేటోళ్లు విమానాలు గూడ నడుపుతరా?" అన్నాడు. నడిపేది నేను కాదని చెప్పే తీరిక లేదు. లేచేటప్పుడు పక్క గోడకు టక్కున ఏదో తగిలింది. చక్రం కింది రాయి ఎగిరి తగిలిందనుకున్నాను.

చూసిన సార్

సముద్రం మీదికి వచ్చాక ఇరవై నిమిషాలకు మైకులో కురియన్ సారు గొంతు వినిపించింది.

"గేజీ కొద్దిగా దిగింది. వెనక ఎర్రగా ఏమైనా కనిపిస్తోందా?"

నా కుర్చీలోంచే టార్చి వేశాను. ఎడమ మూల నుంచి సన్నటి ఎర్రటి గీత ఒకటి నేల మీద నా వైపే పాకుతూ వస్తోంది. ఆ మూల నుంచి వచ్చే ఎర్ర నూనె ఏమిటో నాకు బాగా తెలుసు. ఆరు నెలలు దాని పేరు చెప్పే నన్ను ఏడిపించారు. మళ్లీ అరిస్తే ఏమవుతుందో కళ్లకు కట్టింది.

"గది నా తొక్కు నూనె సార్" అన్నాను, సలీం సాబ్‌కు చెప్పే అలవాటున తెలుగులోనే, ఇంజన్ల మోతలో గొంతు చించుకుని.

ముందు నుంచి నవ్వు వినిపించింది. "మళ్లేంది మియా! మీ ఇంటామె నూనె తగ్గియ్యదా?" అని, సలీం సాబ్ నా మాట మిగతావాళ్లకు హిందీలో చెప్పాడు.

కురియన్ సారు నవ్వలేదు. "ముట్టి చూశావా?" అన్నాడు.

"చూసిన సార్."

ముట్టలేదు. లేవలేదు కూడా. ఇంట్లో పాలు చూసినట్టే చూశాను. ఆ ఒక్క మాట నా నోటి నుంచి ఎంత తేలిగ్గా వచ్చిందో తలచుకుంటే ఇవాళ్టికీ నాకు నా మీదే అసహ్యం వేస్తుంది. గాయపడ్డవాళ్లు ఉన్నారని ఆ రోజు తక్కువ ఎత్తులోనే పోతున్నాం. అంత తక్కువ ఎత్తులో డబ్బా పొంగదు. అదీ తట్టలేదు. డబ్బాను నా చేతులతోనే కిందికి ఇచ్చేశానన్నది కూడా తట్టలేదు. ఇరవై రెండు స్ట్రెచర్లు కట్టిన హడావుడిలో చేతులు చేసిన పని బుర్రకు చేరలేదు.

ఇంకో పావుగంట గడిచింది. చూస్తే మల్లేశం చెయ్యి ఊపుతూ పిలుస్తున్నాడు, ఎంతసేపటి నుంచో. నీళ్లు అడుగుతున్నాడనుకుని బాటిల్ పట్టుకుని పోయాను.

"అన్నా, గిది తొక్కని ఎవలన్నరు?" అన్నాడు.

"ఏందది?"

"తొక్కు నూనె అని నువ్వు ఒర్లినవు గద. మూణ్ణెల్ల సంది తొక్కు మొకం చూడలే. కిందికి చెయ్యి పెట్టి నాకిన. థూ! దీపంల పోసే గాసునూనె లెక్కున్నది. అసలు డబ్బా ఏదన్నా? నా పక్కపొంటి ఏం లేదు."

డబ్బా ఉండాల్సిన చోట మల్లేశం ఉన్నాడు. డబ్బా కిందికి ఇచ్చేసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. తర్వాత వంగి ముట్టాను. వాసన చూశాను. అప్పుడు మైకును పెదవులకు ఆనించుకుని నోరు తెరిచాను, వరస తప్పకుండా, పదిహేను నిమిషాలు ఆలస్యంగా. ఇంజన్ల మోతలో ఆ మాటలు మల్లేశానికి చేరలేదు.

"సార్, ఇందాక నేను ముట్టలేదు. అబద్ధం చెప్పిన. డబ్బా విమానంల లేదు. ఇది ఎర్ర నూనె."

మైకులో ఎవరూ నవ్వలేదు, తిట్టలేదు. సలీం సాబ్ ఒక్కటే అడిగాడు. "ఎంత కారింది?"

"నేలంత తడిసింది సార్."

"సరే. కురియన్ వస్తుండు. నువ్వాడనే ఉండు."

ఒక్క పెట్టు బ్రేకు

మల్లేశం పక్కన గోడకు చిటికెన వేలు దూరేంత రంధ్రం ఉంది. లేచేటప్పుడు టక్కుమన్నది రాయి కాదు, తూటా. లోపలి పైపును ఒరుసుకుంటూ పోయింది. మొదటిసారి అడిగినప్పుడే నేను ముట్టి ఉంటే, ముందు నుంచి ఒక మర తిప్పి ఆ పైపును మూసేసేవారు, నూనె సగానికి పైగా మిగిలేది. ఇప్పుడు అడుగున కొంచెమే ఉంది.

కురియన్ సారు వచ్చి నా మొహం కూడా చూడకుండా మల్లేశం స్ట్రెచరు పక్కన బోర్లా పడుకున్నాడు. పైపుకు గుడ్డ చుట్టి, తోలు బెల్టు విప్పి బిగించి, దాని మీద ఇనుప తీగ చుట్టాడు. నేను రెండు చేతులా అదిమి పట్టుకున్నాను. దగ్గరున్న రెండు డబ్బాల ఎర్ర నూనె ట్యాంకులో పోశాం. బెల్టు లేక ఆయన ప్యాంటు జారుతోంది, ఒక చేత్తో ప్యాంటు, ఒక చేత్తో రెంచి పట్టుకుని పనిచేశాడు. మల్లేశం అది చూసి, "అన్నా, పెద్దసారు పైజామ చూసుకొమ్మను" అన్నాడు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

దిగేదాకా మిగిలిన నలభై నిమిషాల్లో ఇరవై ఇద్దరి మొహాలూ ఒక్కొక్కటిగా చూశాను. కొందరు నిద్రపోతున్నారు. వీళ్లకేమైనా అయితే చంపింది తాటిచెట్ల వెనకవాడు కాదు, నేను. అంత స్పష్టంగా నా జీవితంలో నాకు ఇంకేదీ అర్థం కాలేదు. చేతులు పైపు మీదే ఉన్నాయి, వేళ్ల సందుల్లోంచి నూనె ఇంకా కారుతూనే ఉంది.

ఇవతలి ఒడ్డున దవాఖాన ఉన్న పట్టణం కనిపించగానే సలీం సాబ్ చక్రాలు దించమన్నాడు. ముందువి దిగాయి. వెనకవి సగంలో ఆగాయి. కురియన్ సారు, కోపైలట్ కలిసి చేతి పంపు కొట్టారు. నేను పైపు వదిలి, నా కుర్చీ పక్క కిటికీ అద్దంలోంచి చూస్తూ చెప్పాలి. ఈసారి అద్దానికి ముక్కు ఆనించి, కుడి చక్రం చూసి, ఎడమ చక్రం చూసి, మళ్లీ కుడిది చూసి అప్పుడు చెప్పాను.

"రెండు దిగినయి సార్. నా కండ్లతోని చూసిన."

"ఖుదా కసం?"

"కసం సార్."

దిగాం. సలీం సాబ్ ఇంజన్లతోనే చాలాసేపు వేగం తగ్గించి, చివర్లో బ్రేకు తొక్కాడు. ఒక్క పెట్టు పట్టింది, రెండోసారికి నూనె లేదు. విమానం రన్‌వే దాటి మట్టిలోకి దిగి, ముక్కు వంచి ఆగింది. కట్లు ఒక్కటీ తెగలేదు. ఇరవై రెండు స్ట్రెచర్లూ దించాం. మల్లేశం చివరివాడు. అతణ్ణి అంబులెన్సులోకి ఎక్కిస్తుంటే నా చెయ్యి పట్టుకుని, "నీ పున్యాన బతికిన్నన్నా" అన్నాడు. అప్పుడే చెప్పాల్సింది, చెప్పలేదు.

ఎవరి తప్పు ఎంత

విచారణ, కాగితాలు, శిక్షలు వదిలేస్తాను. జరిగింది జరిగినట్టు నా చేత్తోనే రాసి ఇచ్చాను, కొన్నాళ్లు నన్ను ఎగరనివ్వలేదు, అది న్యాయమే. కురియన్ సారు మూడు వారాలు మాట్లాడలేదు. నాలుగో వారం కొత్త తోలు బెల్టు కొని ఇవ్వబోతే, తీసుకుని, వాసన చూసి, "ముట్టి చూశాను, తోలే" అన్నాడు. అక్కడితో ఆయన కోపం పోయింది.

సలీం సాబ్ మాత్రం ఆ సాయంత్రమే నన్ను పక్కకు పిలిచాడు. చెంప పగలగొడతాడనుకున్నాను.

"నర్సింలు, తొక్కు అనుకున్నవు, గది తప్పు కాదు. ఎవడైన అనుకుంటడు. ముట్టకుండ ముట్టిన్నంటివి, గది తప్పు. గా తప్పు నీది. ఇగ నాది ఇను. ఆర్నెల్లు నిన్ను నవ్విన. నువ్వు ఒర్లుడే మంచిగ ఒర్లినవు ఆ దినం. ఉత్త తొక్కుకైన సరే, ఒర్లినోన్ని నవ్వొద్దు. నేను నవ్వి నీ నోరు మూసిన."

నేను చూసిన ఆఫీసర్లలో ఆయనంత మనిషిని ఇంకొకర్ని చూడలేదు. ఆ తర్వాత కూడా నన్ను ఏడిపించడం మానలేదు. నా పొట్టను, నా హిందీని, నా గన్ను లేని కుర్చీని ఏదీ వదల్లేదు. కాని మైకులో చెప్పిన మాటకు మాత్రం ఎన్నడూ నవ్వలేదు. రేపు మీరు పెద్దవాళ్లయి మీ కింద నలుగురుంటే వాళ్లను ఆడించండి, ఏడిపించండి, పని తేలికవుతుంది. వాళ్లలో ఎవరైనా భయపడి చెప్పిన మాటకు మాత్రం నవ్వకండి, అది ఉత్తదే అయినా సరే.

మల్లేశానికి చదివి వినిపించాను

మల్లేశం కాలు మిగిలింది గాని వంగదు. ఊళ్లో కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. ఏటా తొక్కు పెట్టే రోజుల్లో కోహెడ నుంచి బస్సెక్కి వస్తాడు, వంగని కాలు బస్సు నడవలో చాపుకుని కండక్టరుతో కొట్లాడుతూ. బాలమణి కలిపిన కొత్త తొక్కులో మొదటి ముద్ద అతనిదే.

మొన్న వచ్చినప్పుడు శాలువా సంగతి ఎత్తాడు. "నీది ఏ రంగు తీసుకోవాలన్నా?" అన్నాడు. నేను ఈ కాగితాలు తీసి, పై నుంచి ఇక్కడి దాకా చదివాను. "చూసిన సార్" దగ్గర ఆగి, నీళ్లు తాగి మళ్లీ చదివాను. బాలమణి వంటింటి గడప దగ్గర నిలబడి వింది. ఆమెకూ ఇది కొత్తే.

మల్లేశం మీసం నిమురుకున్నాడు.

"అయితే పావుగంట ముందే పెద్దసారు ముట్టినవా అని అడిగిండు" అన్నాడు.

"అవును."

"ముట్టలే."

"ముట్టలే మల్లేశం. నాకు శాలువ వద్దు. నువ్వు ఇంక మా ఇంటికి రాకున్నా నేనేమనుకోను."

"ఆగన్నా. నాది గూడ ఒకటున్నది, ఎవలికి చెప్పలే, మా ఇంటిదానికి గూడ." అతని గొంతు తగ్గింది. "విమానం లేసిన కాన్నుంచి నా చెయ్యి తడుస్తనే ఉన్నది. చూస్తె ఎర్రగున్నది. నా నెత్తురే అనుకున్న. గింత కారుతుందంటె ఇగ అయిపోయినట్టే అనుకున్న. మిమ్ముల పిలుసుడు గూడ ఎందుకు, ఇంకోన్ని చూసుకుంటరని కండ్లు మూసుకుని పండుకున్న. మా అవ్వను యాదిజేసుకుంట ఉన్న. గప్పుడు నువ్వు ఒర్లినవు, తొక్కు నూనె అని."

బాలమణి గడప దాటి ఇవతలికి వచ్చింది.

"నెత్తురు కాదు తొక్కు అని ఇనంగనే పానం లేచొచ్చిందన్నా. గందుకే నాకిన. నువ్వు నిజం చెప్పి ఉంటె మంచిగనే దిగుదుము గావొచ్చు. నాకు గదంత ఎరుక లేదు. నాకైతె నీ అబద్ధమే పానం పోసింది."

బాలమణి కొంగుతో కళ్లు తుడుచుకుని లోపలికి పోయింది. అన్నం, కొత్త తొక్కు వడ్డించిన పళ్లెం తెచ్చి అతని ముందు పెట్టింది. మల్లేశం వెంటనే కలపలేదు. వేలు నూనెలో ముంచాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ముట్టి చెప్తున్నన్నా. గిది తొక్కే."

నేను ఏడ్చేశాను. అతను అన్నం కలుపుకుని తినడం మొదలుపెట్టాడు.